వర్డిల్ ఆట మధ్యలో పదాల జాబితా చూడటం న్యాయమేనా?

అక్షరమాలిక:
ఐదక్షరాల ఆంగ్ల పదాన్ని ఆరు ప్రయత్నాల్లో కనుక్కోవలసిన వర్డిల్ ఆటలో, మూడో ప్రయత్నం దగ్గర ఆగిపోయి, "మొదట సి, మూడోది ఎ, చివర హెచ్ ఉన్న ఐదక్షరాల పదాలు" అని వెతికి, కోచ్, క్రాష్, క్లాష్ అంటూ వచ్చిన జాబితాలోంచి ఒకదాన్ని ఎంచుకోవడం న్యాయమేనా అన్నది నా ప్రశ్న. నేనూ నా స్నేహితురాలూ రోజూ మా ఫలితాల రంగుగళ్ళను (ఏ అక్షరం ఉందో, సరైన చోటే ఉందో చెప్పే రంగులవి) ఒకరికొకరం పంపుకుంటాం. ఆమె జాబితా చూసి ఆడుతుందని నిన్న మాటల సందర్భంలో తెలిసింది. ఆమె దాచలేదు, అది తప్పనీ అనుకోవడం లేదు. నాకు మాత్రం మనసు కష్టపడింది. ఆట మధ్యలో జాబితా తెరవడమంటే ఆటను అక్కడితో వదిలేయడమేనని నా అభిప్రాయం. కాదనేవారి వాదన వినాలని ఉంది.

నిలువుగడి:
అక్షరమాలిక గారూ, మీతో ఏకీభవించలేకపోతున్నాను. ఆర్థర్ విన్ కూర్చిన తొలి గడినుడి (క్రాస్‌వర్డ్) 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో వచ్చింది. ఆ ఆట ప్రచారంలోకి వచ్చాక, అక్షరాల సంఖ్యను బట్టి పదాలను వరుసపెట్టిన నిఘంటువులు కూడా వెలువడ్డాయి. వాటిని పక్కన పెట్టుకుని గళ్ళు నింపినవారు ఆట వదిలేశారని అనగలమా? పైగా ఆంగ్లం మనం నేర్చుకున్న భాష. ఎమ్, వై, రెండు ఆర్‌లు, హెచ్‌లతో రాసే 'మిర్' అనే పదాన్ని నేను మొదట చూసింది ఇలాంటి జాబితాలోనే. అర్థం వెతికితే అది మనం బోళం అనే సుగంధపు బంక అని తెలిసింది. ఆ పదం ఇప్పుడు నాది. దాన్ని నాకు నేర్పింది జాబితానే.

వర్ణక్రమం:
నిలువుగడి గారి పోలిక దగ్గరే అసలు చిక్కుంది. గడినుడిలో ఆధారం అర్థాన్ని ఇస్తుంది, అడ్డంగా వచ్చే అక్షరాలు దాన్ని ధ్రువీకరిస్తాయి. కాబట్టి జాబితాలో ఇరవై పదాలు దొరికినా, ఆధారానికి సరిపోయేదేదో తేల్చవలసింది ఆడేవారే. వర్డిల్‌లో అర్థం ప్రమేయమే లేదు. అక్కడున్న ఆధారమంతా ఏ అక్షరం ఉంది, ఎక్కడ ఉంది, ఏది లేదు అన్నదే. అక్షరాలను బట్టి వడపోసే జాబితా సరిగ్గా ఆ పనినే చేసిపెడుతుంది కనుక, దాన్ని చూశాక మనం చేయడానికి చీటీ తీయడం తప్ప ఏమీ మిగలదు.

ఒక అనుభవం చెబుతాను. ఎ, ఇ, ఐ, ఓ, యు అయిదూ లేవని తేలిన రోజున నేను చాలాసేపు తెల్లబోయి కూర్చున్నాను. ఆ తరువాతే, అచ్చు పని వై కూడా చేస్తుంది కదా అని తట్టి, లింఫ్, నింఫ్, క్రిప్ట్, ట్రిస్ట్ ఒకదాని వెంట ఒకటి గుర్తుకు వచ్చాయి. ఆ తట్టడం కోసమే నేను ఈ ఆట ఆడతాను, అది జాబితాలో దొరకదు.

ఇంకొక సంగతి. దీన్ని తయారుచేసిన జాష్ వార్డ్‌ల్, 2021లో అందరికీ అందించడానికి ముందు, సుమారు 12,000 ఐదక్షరాల పదాలను తన సహచరికి చూపించి, ఆమెకు తెలిసినవాటిని ఏరమన్నారు. దాదాపు 2,500 మిగిలాయి. అంటే ఒక మనిషికి తెలిసిన పదాలే జవాబులు కావాలన్నది ఈ ఆటకు పునాది. తనకు తెలిసినదాన్ని తవ్వి తీయడానికి బదులు, తెలియనిదాన్ని ఏరుకోవడం ఆ పునాదికే విరుద్ధం.

తొలిప్రయత్నం:
వర్ణక్రమం గారి మాటకు ఒక హద్దు గీయాలి. జాబితాను ముందుగా చదవడం వేరు, ఆట నడుస్తుండగా తెరవడం వేరు. అక్షరాల బిళ్ళలతో పదాలు పేర్చే స్క్రాబుల్ ఆట పోటీలకు తయారయ్యేవారు రెండక్షరాల పదాలన్నిటినీ (పోటీల్లో చెల్లే పదాల కాలిన్స్ జాబితాలో, 2019 నాటి కూర్పులో, అవి 127) కంఠస్థం చేస్తారు. యు లేకుండా క్యూ వచ్చే పదాలనూ అలాగే పట్టుకుంటారు. న్యూజీలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ అయితే ఫ్రెంచి మాట్లాడటం రాకుండానే, కొన్ని వారాలపాటు పదాల పట్టిక చదివి, 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ విజేత అయ్యారు. అర్థం తెలియకపోయినా అది ఆయన శ్రమే. బల్ల దగ్గర కూర్చున్నాక ఆ పట్టికను ఎవరైనా విప్పితే మాత్రం నిర్వాహకులు ఊరుకోరు.

నిలువుగడి:
ఆ హద్దును ఒప్పుకుంటాను, బోళం సంగతి కూడా ఆట ముగిశాక తెలుసుకునే వీలుండేది. కానీ చివరి నాలుగు అక్షరాలు ఐ, జి, హెచ్, టి అని తేలినప్పుడు ఏం చేయాలి? ఫైట్, లైట్, మైట్, నైట్, రైట్, సైట్, టైట్ అన్నీ ముందు నిలబడతాయి, ప్రయత్నాలేమో మూడే ఉంటాయి. అక్కడ జాబితా లేకున్నా మిగిలేది అదృష్టమే కదా?

వర్ణక్రమం:
కాదండీ. కఠిన పద్ధతి (తేలిన అక్షరాలను తరువాతి ప్రయత్నాల్లోనూ వాడి తీరాలనేది) ఎంచుకోకపోతే, జవాబు కాదని తెలిసీ 'ఫార్మ్స్' అనే పదాన్ని ఎఫ్, ఓ, ఆర్, ఎమ్, ఎస్‌లతో వేయవచ్చు. ఒక్క దెబ్బకు నాలుగు పదాలు పరీక్షకు వస్తాయి. ఏ అక్షరమూ వెలగకపోతే లైట్, నైట్, టైట్ మాత్రమే చూసుకోవాలి. ఈ ఉపాయం ఏ జాబితాలోనూ రాసి ఉండదు.

అక్షరమాలిక:
అందరికీ కృతజ్ఞతలు. "ఆటను వదిలేయడమే" అన్న నా మాట ఆట మధ్యలో చూసే జాబితాకు వర్తిస్తుందని ఇప్పటికీ నమ్ముతున్నాను. అయితే నా స్నేహితురాలు అలా నేర్చుకున్న పదాలను మరుసటి వారం సొంతంగా వాడిన రోజులు కూడా ఉన్నాయని, ఈ సమాధానాలు చదివాకే గుర్తుకు వచ్చింది. జాబితా చూసిన రోజున ఆ ఫలితం కింద ఒక చిన్న గుర్తు పెట్టమని ఆమెను అడిగాను, ఒప్పుకుంది. ఈరోజు నాలుగు ప్రయత్నాల ఫలితం పంపింది, కింద ఏ గుర్తూ లేదు.