అప్‌డేట్: మా అమ్మాయి సాఫ్ట్‌బాల్ సీజన్ ముగిసింది

సాఫ్ట్‌బాల్ అంటే బేస్‌బాల్ లాంటి ఆట. హైస్కూల్ టీమ్‌లో మా అమ్మాయి ఒక్కతే పిచర్ (బ్యాటర్‌కి బంతి విసిరే ప్లేయర్) అని, ప్రతి మ్యాచ్‌లో ఏడు ఇన్నింగ్సూ తనే వేయడంతో భుజం నొప్పి మొదలైందని, కోచ్‌తో మాట్లాడాలా వద్దా అని అప్పట్లో అడిగాను. మాట్లాడమన్న అందరికీ థాంక్స్.

మాట్లాడాను. కోచ్ గారు బాగానే విన్నారు. ఇక్కడ అమెరికాలో హైస్కూల్ బేస్‌బాల్‌లో పిచర్ విసిరే బంతుల లెక్కకు పరిమితి తప్పనిసరి, సాఫ్ట్‌బాల్ జాతీయ నియమాల్లో అది లేదు. అండర్‌హ్యాండ్ త్రో (చెయ్యి కిందినుంచి విసరడం) కాబట్టి చేతికి ఏమీ కాదని చాలామంది అనుకుంటారు. 43 అడుగుల దూరం నుంచి విండ్‌మిల్‌లా చెయ్యి తిప్పి వందసార్లు విసిరితే భుజం అలిసిపోదా?

కోచ్ గారు థర్డ్ బేస్ దగ్గర ఫీల్డింగ్ చేసే జూనియర్ అమ్మాయికి పిచింగ్ నేర్పడం మొదలుపెట్టారు. మొదట్లో వాక్‌లే వాక్‌లు (గురి తప్పిన బంతులతో బ్యాటర్‌కి ఊరికే బేస్ ఇచ్చేయడం), ఒక మ్యాచ్ అయితే మేం పది పరుగులు వెనకబడటంతో రూల్ ప్రకారం ఐదో ఇన్నింగ్స్‌లోనే ఆపేశారు. పాపం, ఆ పిల్ల ఏడ్చేసింది. మా అమ్మాయే పక్కన కూర్చుని ఓదార్చింది. అది చూసి నాకు ఎంత గర్వంగా అనిపించిందో! నెమ్మదిగా ఆ పిల్లకు ఛేంజప్ (బ్యాటర్‌ని బోల్తా కొట్టించే స్లో బంతి) కుదిరింది, ఇద్దరూ మ్యాచ్‌లు పంచుకున్నారు. ఈ ఇద్దరు పిచర్లలో ఎవరైనా బ్యాటింగ్‌లో బేస్ చేరితే బదులుగా పరుగెత్తడానికి కర్టసీ రన్నర్‌ని పంపి ఊపిరి పీల్చుకోనిచ్చారు.

ప్లేఆఫ్స్‌కి వెళ్లాం, తొలి రౌండ్‌లోనే ఒక్క పరుగుతో ఓడాం. నొప్పి తగ్గింది. డాక్టర్ సలహా మీద ఈ వేసవి ట్రావెల్ టీమ్ (స్కూల్ బయట టోర్నమెంట్లు ఆడే క్లబ్ టీమ్) మానిపించి, భుజం వ్యాయామాలే చేయిస్తున్నాం.