స్విఫ్ట్ వెనక షాకబ్జర్లు ఇంట్లోనే మార్చుకోవచ్చా?

నల్లరోడ్డు:
అన్నలూ, మాది 2014 స్విఫ్ట్ డీజిల్, 1,10,000 కిలోమీటర్లు తిరిగింది. స్పీడ్ బ్రేకర్ దిగాక వెనక భాగం రెండుమూడు సార్లు ఊగి గానీ ఆగట్లేదు, వెనక కూర్చున్న అమ్మకి కడుపులో తిప్పుతోంది. వంగి చూస్తే కుడి షాకబ్జర్ ఒళ్ళంతా నూనె కారి, దాని మీద దుమ్ము ముద్దలా పట్టేసి ఉంది. ఎడమది పొడిగానే ఉంది. షెడ్డులో నాలుగూ మార్చాలంటున్నారు. కుడిది ఒక్కటే నేనే మార్చుకుంటే సరిపోతుందా? స్ప్రింగ్ ఎగిరి మీద పడుతుందేమోనని టెన్షన్. కారుతో వచ్చిన జాకీ, పానాల సెట్టు ఉన్నాయి.

పానా12:
నిక్షేపంగా మార్చుకోవచ్చు తమ్ముడూ, కానీ వెనకవి రెండూ మార్చు. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే గతుకుల్లో, సడన్ బ్రేక్‌లో బండి రెండు పక్కలా ఒకేలా పట్టు ఇవ్వదు. ముందువి వేరే సంగతి, వాటికి స్ప్రింగ్ షాకబ్జర్ మీదే బిగించి ఉంటుంది, ఆ పని షెడ్డుకే వదిలెయ్. మీ బండికి వెనక స్ప్రింగ్ విడిగా, షాకబ్జర్ విడిగా ఉంటాయి కాబట్టి స్ప్రింగ్‌ని నొక్కిపెట్టే పనిముట్టు అక్కర్లేదు.

ఆ చిన్న జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కారు కిందికి మాత్రం దూరొద్దు. అది స్టెప్నీ మార్చడానికి ఇచ్చింది. ఎత్తిన కారు బరువుని మోసే ఇనుప స్టాండ్లు రెండు కొను, లేదా ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకో. గచ్చు నేల మీదే పెట్టు. హ్యాండ్‌బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే, అవి గాల్లో ఉంటే దానివల్ల లాభం లేదు, అందుకే ఫస్ట్ గేర్‌లో ఉంచి ముందు చక్రాలకి రెండు పక్కలా చెక్కముక్కలు గట్టిగా అడ్డం పెట్టు.

అసలు కిటుకు ఇక్కడుంది. వెనక ఇరుసు మరీ కిందికి జారకుండా ఆపేది షాకబ్జరే. కింది బోల్టు తీసే ముందు ఇరుసు కింద ఇంకో జాకీ పెట్టి కాస్త ఎత్తి పట్టుకోవాలి, లేకపోతే ఇరుసు ఒక్కసారిగా దిగి బ్రేక్ గొట్టం సాగుతుంది, స్ప్రింగ్ చోటు తప్పుతుంది. ఒక పక్క పూర్తిగా బిగించాకే రెండోది విప్పు.

తుప్పుబోల్టు:
పైన చెప్పిందంతా కరెక్ట్. ముందురోజు రాత్రే బోల్టులకి డబ్ల్యూడీ-40 కొట్టి వదిలెయ్, తెల్లారేసరికి సగం మొండితనం పోతుంది. నట్టుతో పాటు షాకబ్జర్ లోపలికీ బయటికీ ఆడే కడ్డీ కూడా తిరుగుతుంటే దాని చివర పట్టు దొరికే చోట ఇంకో పానాతో ఆపి నట్టు తిప్పాలి. పాతదైతే ఎలా పట్టుకున్నా పోయేదేం లేదు గానీ కొత్తదాని మెరిసే కడ్డీని కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుంటే గీత పడుతుంది, ఆ గీత నూనెని ఆపే రబ్బరు సీలుని కోసేస్తుంది, కొన్నాళ్ళకే మళ్ళీ నూనె కారడం మొదలు.

కొత్తవి బిగించే ముందు నిలువుగా పట్టుకుని నాలుగైదు సార్లు పూర్తిగా నొక్కి వదలండి, పడుకోబెట్టి ఉంచితే లోపల చేరిన గాలి పోతుంది. పాత నట్టు మళ్ళీ వాడకుండా కొత్తదే వేయండి.

నల్లరోడ్డు:
చాలా థ్యాంక్స్ అన్నా. స్టాండ్లు బాబాయి దగ్గర ఉన్నాయి, తెస్తాను. అయ్యాక చక్రాల అలైన్‌మెంట్ (చక్రాల కోణం సరిచేయడం) చేయించాలా?

పానా12:
వెనక షాకబ్జర్లు మార్చినందుకు అలైన్‌మెంట్ అక్కర్లేదు. కానీ వెనక టైర్ల మీద అరచేయి పెట్టి చుట్టూ నిమిరి చూడు. ఎత్తుపల్లాలుగా తగిలితే పాత షాకబ్జర్లు టైర్లని కూడా తినేశాయని అర్థం, అలాంటి టైర్లు చేసే మోత కొత్త షాకబ్జర్లు వేసినా పోదు.

ఇంకోటి, కింది బోల్టుని చక్రం గాల్లో వేలాడుతుండగా చివరి బిగింపు బిగించకు. బోల్టు చుట్టూ ఉండే రబ్బరు బుష్ ఆ వంకరలోనే బిగుసుకుపోయి, కారు కిందికి దిగాక రోజంతా మెలిపడి ఉండి తొందరగా చిరుగుతుంది. ఇరుసు కింద జాకీ ఎత్తి, బరువు స్ప్రింగ్ మీద పడ్డాక టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే పానా) బిగించు. ఎంత టార్క్ అన్నది మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ చూసే పెట్టు, చేతి అంచనా వద్దు. వారం తిరిగాక ఇంకోసారి సరిచూసుకో.