మూడు ఊళ్లలో మూడు ట్యాలీలు, అన్నీ ఒకచోటికి తేవడం ఎలా?

పైపుల_లెక్క:
మాది పీవీసీ పైపుల కంపెనీ, ప్రైవేట్ లిమిటెడ్. జీడిమెట్లలో పాత ప్లాంటు, హెడ్డాఫీసూ అక్కడే. విజయవాడ ఆటోనగర్‌లో రెండోది, హోసూరులో కొత్తగా ఇంకోటి. ఎక్కడి ట్యాలీ (అకౌంట్ల సాఫ్ట్‌వేర్) అక్కడే, ప్రొడక్షన్ అంతా ఎక్సెల్, హోసూరు స్టాకైతే ఇంకా రిజిస్టరులోనే. డీలర్ ఫోన్ చేసి ఫలానా సైజు ఉందా అంటే మూడు చోట్లకీ వాట్సాప్ పెట్టి సాయంత్రం దాకా ఎదురుచూడటమే నా పని. మా ఎండీ గారు ఏదో ఎక్స్‌పోకి వెళ్లొచ్చి అంతా ఒకే స్క్రీన్ మీద కనపడాలన్నారు. ఒకాయన ఎస్‌ఏపీ బిజినెస్ వన్ డెమో ఇచ్చాడు, ఇంకొకాయన ఈఆర్‌పీ నెక్స్ట్. రెండూ ఈఆర్‌పీలే, అంటే అకౌంట్స్, స్టాకు, ప్రొడక్షన్ అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్లు. ఏది తీసుకోవాలి? నేను అకౌంట్స్ మనిషిని, మా ఐటీ డిపార్ట్‌మెంట్ అంటే ప్రింటర్ బాగుచేసే కుర్రాడే.

స్టోర్స్‌బాబాయ్:
సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత చూద్దురుగాని, ముందు మూడు చోట్ల ఐటెమ్ లిస్టులూ తెప్పించి పక్కపక్కన పెట్టండి. జీడిమెట్లలో "4 ఇంచులు 6 కేజీ" (కేజీ అంటే ఇక్కడ బరువు కాదు, పైపు తట్టుకునే ప్రెషర్) అని ఉంటుంది, విజయవాడలో "110 ఎంఎం క్లాస్ 3" అని ఉంటుంది, హోసూరులో ఇంకేదో. పైపు ఒకటే, కంప్యూటర్‌కి మాత్రం మూడు సరుకులు. దాని మీద ఎంత ఖరీదైన ఈఆర్‌పీ పెట్టినా మీ ఎండీ గారికి కనపడేది ఇప్పుడున్న గందరగోళమే, కాకపోతే రంగుల్లో.

ఇంకో తలనొప్పి కొలత. ప్రొడక్షన్ వాళ్లు కిలోల్లో రాస్తారు, సేల్స్ వాళ్లు పీసుల్లో అమ్ముతారు, పీసంటే ఒకచోట 6 మీటర్లు, ఒకచోట 3 కూడా ఉండొచ్చు. అందుకని ప్రతి ఐటెమ్‌కీ మీటరుకి ఇంత బరువు ఉండాలని ఒక లెక్క కట్టి మాస్టర్‌లో (అన్ని ఐటెమ్‌ల మూల జాబితాలో) పెట్టాలి, తూకం వేసిన అసలు బరువు కూడా రోజూ ఎక్కాలి. నన్నడిగితే ఈ ఖర్చంతా తిరిగి వచ్చేది ఇక్కడే. ఒకే సైజు పైపు మూడు ప్లాంట్లలో మీటరుకి ఎంత తూగుతుందో పక్కపక్కన కనపడిందనుకోండి, ఎవరు పైపు గోడ మందం ఎక్కువ పెట్టి రెజిన్ (పైపు ముడిసరుకు) ఊరికే పంచిపెడుతున్నారో మొదటి నెలలోనే తేలిపోతుంది.

కొత్త ఐటెమ్ కోడ్ తెరిచే అధికారం హెడ్డాఫీసులో ఒక్కరికే ఉండాలి. ప్లాంటు వాళ్లు అడగొచ్చు, తెరవకూడదు. ఇక్కడ మొహమాటపడ్డారో, ఆరు నెలల్లో మళ్లీ మొదటికే.

జీఎస్టీ_గోల:
బాబాయ్ గారు చెప్పింది కరెక్ట్, కానీ ఒకటి మర్చిపోవద్దు. మీ మూడు ప్లాంట్లూ మూడు రాష్ట్రాల్లో ఉన్నాయి, కాబట్టి మూడు జీఎస్టీ నంబర్లు, చట్టం దృష్టిలో వేర్వేరు వ్యక్తులే. జీడిమెట్ల నుంచి ఆటోనగర్‌కి లారీ పంపితే చలాన్ మీద పంపడం కుదరదు, ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య సరుకుకి పడే జీఎస్టీ) వేసి ట్యాక్స్ ఇన్వాయిస్ కొట్టాల్సిందే. టర్నోవర్ 5 కోట్లు దాటితే (మూడు చోట్లదీ కలిపి, పాన్ లెక్కన) దానికీ ఈ-ఇన్వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదైన బిల్లు) ఉండాలి. అవతలి ప్లాంటుకి ఆ పన్ను మీద పూర్తి క్రెడిట్ (తన పన్నులో తగ్గించుకునే వీలు) వస్తుంది గనుక మీరు వేసిన రేటునే ఒప్పుకుంటారు, దాని గురించి టెన్షన్ వద్దు. కానీ ఇక్కడ పన్ను కట్టి అక్కడ క్రెడిట్ మూలుగుతుంటే డబ్బు ఇరుక్కుపోతుంది, అది చూసుకోండి.

డెమోలో వాళ్లని ఇదే చేసి చూపించమనండి: అంతర్రాష్ట్ర స్టాక్ ట్రాన్స్‌ఫర్, దారిలో ఉన్న సరుకు, ఈ-వే బిల్, అటు వైపు ఒక పైపు విరిగి వచ్చినప్పుడు ఎంట్రీ. సగం మంది ఇక్కడే తడబడతారు. ఎడిట్ లాగ్ (ఏ ఎంట్రీ ఎప్పుడు మార్చారో రాసుకునే చిట్టా) ఆపేయడానికి వీల్లేకుండా ఉందో లేదో కూడా అడగండి, కంపెనీలకి 2023 ఏప్రిల్ 1 నుంచి అది తప్పనిసరి.

నైట్‌షిఫ్ట్:
ఆఫీసు వాళ్లంతా ఆఫీసు కబుర్లే చెప్తున్నారు. రాత్రి రెండింటికి రెజిన్ లారీ వస్తే గేటు దగ్గర ఎవరు ఎక్కిస్తారు సార్? నెట్ పోతే? మా దగ్గర (పేరొద్దులెండి) అంతా ఒక్క సర్వర్‌కి మార్చారు, లైను తెగినప్పుడల్లా కాటా దగ్గర లారీలు వరస కట్టేవి, చివరికి సెక్యూరిటీ వాళ్లు మళ్లీ పుస్తకమే తెరిచారు. రెండు వేర్వేరు కంపెనీల నెట్ లైన్లు పెట్టించండి, పైన ఒక సిమ్ రూటరు. స్క్రాపు గ్రైండ్ చేసి మళ్లీ వాడతారు కదా, దానికీ కోడ్ పెట్టండి, లేకపోతే రెజిన్ లెక్క ఏ జన్మకీ కలవదు.

పాతకాపు:
అసలు ఇంత అవసరమా అని నా డౌటు. ట్యాలీప్రైమ్ 3.0 నుంచి ఒకే కంపెనీలో వేర్వేరు జీఎస్టీ నంబర్లు పెట్టుకోవచ్చు, గోడౌన్లు ఎలాగూ ఉన్నాయి. డీలర్‌కి స్టాకు చెప్పడమే సమస్య అయితే అది చాలు, లక్షలు పొయ్యక్కర్లేదు.

స్టోర్స్‌బాబాయ్:
పాతకాపు గారూ, స్టాకు వరకైతే ఒప్పుకుంటా. మెషీన్ వారీగా, షిఫ్టు వారీగా బరువు కావాలంటే మాత్రం అది లాగలేదు. అయినా కోడ్‌లు సరిచేసి ఒక ఏడాది ట్యాలీలోనే నడిపి చూడటం తెలివైన పనే, తర్వాత ఈఆర్‌పీకి పోయినా ఆ మాస్టరే పనికొస్తుంది.

పైపుల_లెక్క:
అందరికీ థ్యాంక్స్. లిస్టులు తెప్పిస్తున్నా. హోసూరు ఓపెనింగ్ స్టాకు రిజిస్టరులో ఉన్నది ఎక్కించాలా, లెక్కపెట్టిందా? అక్కడి ఇంఛార్జ్ పుస్తకం కరెక్టే అంటున్నాడు.

స్టోర్స్‌బాబాయ్:
అలాగే అంటాడు. లెక్కపెట్టిందే ఎక్కించండి. మార్చి 31న మెషీన్లు ఆపించి, విజయవాడ మనుషుల్ని హోసూరు పంపి లెక్కపెట్టించండి, హోసూరు వాళ్లని విజయవాడకి. లెక్కపెట్టేటప్పుడు ప్లాంట్ల మధ్య ఒక్క లారీ కూడా దారిలో లేకుండా చూసుకోండి. తేడా ఎంతొస్తే అంత ఆడిటర్‌కి చూపించి పాత పుస్తకాల్లోనే రాసేయండి, కొత్తదాంట్లోకి మోసుకురావద్దు. ఏప్రిల్ 1 నుంచి ప్రతి ప్లాంటుకీ కొత్త ఇన్వాయిస్ సిరీస్, నంబరు 16 అక్షరాలు దాటకూడదు.