సమస్య: "లైటు తీసికొనఁగ లంక వెలిగె"

లాకుమాస్టారు:
ఈ వారం సమస్య ఆటవెలదిలో నాలుగో పాదం; ముందు మూడు పాదాలు మీరు రాయాలి. దీపం పట్టుకుపోతే ఊరు వెలగడమేమిటన్నదే చిక్కు. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి జోడు కుదరాల్సిన చోటు, లై–లం. ఇంగ్లీషులో లైట్ అంటే దీపమూ అవుతుంది, తేలికా అవుతుంది. మన కుర్రాళ్ళు 'లైట్ తీసుకో' అనేది ఆ రెండో అర్థంలో. రావణుడి లంక నుంచి గోదావరి మధ్య దిబ్బల దాకా లంకలకు మనకు కొదవ లేదు కదా. పూరించండి.

వశిష్ఠ:
మాస్టారూ, పద్యంలో ఈ ఇంగ్లీషు అవసరమా అండి?

లాకుమాస్టారు:
1852లో దవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలవలతోబాటే, నీటిమట్టం మార్చి పడవలు దాటించే 'లాకు' మన నోటికెక్కింది. అదీ ఇంగ్లీషే. కాలవ నీళ్ళు చూసే లస్కరు పేరు పారసీ మాట నుంచి వచ్చింది, అక్కడ దానర్థం సైన్యం. ఇవాళ లంకలో ఏ ముసలమ్మకైనా ఈ రెండూ సొంత మాటలే. నోట నలిగిన మాటకు పద్యంలో చోటుండాలని నా గట్టి నమ్మకం. కాకపోతే జనం ఏ అర్థంలో వాడుతున్నారో ఆ అర్థంలోనే వాడాలి.

వశిష్ఠ:
అయితే ఇదిగోనండి.

కోతి యొకటి వచ్చి కొలువునఁ గూర్చుండ
దాని తోక కెంత దమ్మటంచు
నవ్వి రావణుండు నలుగురి యెదుటను
లైటు తీసికొనఁగ లంక వెలిగె

పంటురేవు:
దమ్ము భలే పడిందండి! పారసీలో ఊపిరి, మన దగ్గర ధైర్యం, చుట్ట పీల్చినా దమ్మే. ఒక్క సందేహం. అంత తేలిగ్గా తీసుకున్నవాడు తోకకు నిప్పెందుకు పెట్టించాడు?

వశిష్ఠ:
కోతే కదా, ఏం చేస్తుందిలే అనుకున్నాడు కాబట్టే పెట్టించాడు. భయపడి ఉంటే వదిలేసేవాడు.

లాకుమాస్టారు:
సమాధానం బాగుంది, ఒప్పుకున్నాను. 'వెలిగె' కాలడానికి సరిపోయింది.

పంటురేవు:
నాది లంక పొగాకు. సఖినేటిపల్లి నుంచి గోదావరి దాటి నర్సాపురం వచ్చే పంటు (జనాన్ని, బళ్ళను రేవు దాటించే పెద్ద పడవ) మీద తట్టింది.

పంటు దిగిన తాత పడుచువాని నడిగి
అగ్గిపెట్టె తడిసె నయ్య యనుచు
చుట్ట నోటఁ బెట్టి సొగసుగా నాతని
లైటు తీసికొనఁగ లంక వెలిగె

కొబ్బరాకు:
తాత కళ్ళ ముందు కనబడ్డాడండి. 'చుట్ట' ముందే వచ్చింది కాబట్టి లంక అనగానే లంకచుట్ట అని తెలిసిపోతోంది. కానీ లైటరును 'లైటు' అని ఎవరంటారు? మా రేవులో 'అగ్గుందా' అంటారు, లేదా లైటరనే అంటారు.

లాకుమాస్టారు:
నా అభ్యంతరమూ అదే. ఇంకోటి, 'సొగసుగా' యతి కోసం వచ్చి కూర్చుంది. ముక్కూమొహం తెలియని కుర్రాణ్ణి అడగడానికి సొగసెందుకు? 'చొరవగా' అనండి. గణం మారదు, చు–చొ యతి కుదురుతుంది, తాత గుణమూ తెలుస్తుంది.

చిన్నలస్కరు:
ఆయ్, కొత్తవాణ్ణండి. తప్పులుంటే చెప్పండి.

వరద వచ్చి పోయె తీగలు తెగిపడె
చీకటాయె నూరు చిన్నవోయె
సూర్యరశ్మి దాచు సోలారు కంపెనీ
లైటు తీసికొనఁగ లంక వెలిగె

లాకుమాస్టారు:
మొదటి పాదంలో యతి తప్పింది బాబూ. 'వ'కు 'తీ' చెల్లదు, రెండో అక్షరాలు కలిసే ప్రాసయతీ లేదు. గణాలు మాత్రం సరిగ్గా ఉన్నాయి. 'వైర్లన్ని తెగిపడె' అంటే వ–వై సరిపోతుంది, ఊళ్ళో అనే మాటా అదే. ఇక 'కంపెనీ' మాట నాకెంతో నచ్చింది. కొట్లో 'కంపెనీదేనా?' అని అడిగితే నకిలీ కాదు కదా, గట్టి సరుకే కదా అని అర్థం. అది నిఘంటువు చూసి రాసేవాడికి తట్టదు.

కొబ్బరాకు:
అందరూ దీపం, నిప్పు చుట్టూ తిరిగారు. నేను తగువు పట్టుకున్నాను.

గట్టు తగవు ముదిరి కఱ్ఱలెత్తిన వేళ
పెద్దవాఁడు తగ్గి పిలిచి నవ్వి
మూర నేల కొరకు మొగము మాడ్చకుమని
లైటు తీసికొనఁగ లంక వెలిగె

వశిష్ఠ:
ఇది లంక బతుకు తెలిసిన పద్యం. వరద తీసేసరికి గట్టు ఆనవాళ్ళుండవు. ఒకరి చేను కోసుకుపోతుంది, ఇంకొకరి వైపు ఒండ్రు మేట వేస్తుంది. తగువులన్నీ అక్కడే మొదలు.

లాకుమాస్టారు:
నా మొగ్గు దీనికే. 'లైట్ తీసుకో'ను కుర్రాళ్ళు ఎగతాళికి వాడతారు, బాధ్యత దులుపుకోడానికీ వాడతారు. ఇక్కడ మాత్రం పెద్దమనిషి ఓర్పైంది. 'తగ్గి' అన్న ఒక్క మాటతో పెద్దరికమంతా వచ్చేసింది. రెండో పాదంలో 'పిలిచి నవ్వి' కన్నా 'నవ్వి పిలిచి' వరస సహజం, కానీ అలా మారిస్తే యతి పోతుంది. ఉండనివ్వండి.

చిన్నలస్కరు:
వైర్లన్ని అని దిద్దుకున్నానండి. వచ్చే వారానికి ఏమిస్తున్నారు?

లాకుమాస్టారు:
"హ్యాండు నిచ్చినట్టి యతఁడె హితుఁడు." ఇదీ ఆటవెలదే. ఇంగ్లీషువాడు చెయ్యిస్తే సాయం, మనవాడు హ్యాండిస్తే మోసం. యతి హ్యా–య. ఆదివారం సాయంత్రం లోపు పంపండి. బాబూ, ఈసారి నీ పద్యం ముందు రావాలి.