పాత వంతెన రిలయబిలిటీ లెక్క: లారీల బరువుకి ఏ డిస్ట్రిబ్యూషన్ తీసుకోవాలి?

నమస్కారమండీ. గోదావరి డెల్టాలో కాలువ మీదున్న ఓ పాత ఆర్‌సీసీ టీ-బీమ్ వంతెనకి రిలయబిలిటీ ఇండెక్స్ బీటా (కట్టడం ఎంత భద్రమో చెప్పే అంకె, ఎక్కువైతే కూలే అవకాశం తక్కువ) లెక్క కడుతున్నాను. చివరి గర్డర్ (దూలం) అడుగున కవర్, అంటే రాడ్లని కప్పే కాంక్రీటు, పెచ్చులూడిపోయింది. మెయిన్ రాడ్ల తుప్పు గీకి వెర్నియర్‌తో కొలిస్తే వ్యాసం ఒక్కోచోట ఒక్కోలా వస్తోంది. స్కూలు బస్సులు కూడా దీని మీదే వెళ్తాయి, అందుకే ఆత్రం.

బలం వైపు ఫర్వాలేదు, కోర్ టెస్టులు (కాంక్రీటు ముక్క కోసి తీసి చేసే బలం పరీక్షలు) ఉన్నాయి. చిక్కంతా బరువు దగ్గరే. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) క్లాస్ ఏ, 70ఆర్ లోడ్లు డిజైన్ కోసం పెట్టినవి. రోజూ తిరిగే ఇసుక లారీల అసలు బరువు వాటితో తెలీదు. వెయ్-ఇన్-మోషన్ (బండిని ఆపకుండా కదులుతుండగానే తూచే) రికార్డు ఈ రోడ్డుకి లేదు. దగ్గర్లోని వేబ్రిడ్జి చీటీలు తీసుకుని గంబెల్ (గరిష్ఠ విలువలు ఎంత తరచుగా వస్తాయో చెప్పే డిస్ట్రిబ్యూషన్) పెడితే సరిపోతుందా? ఓవర్‌లోడ్ బళ్లు కాటాకే రావు కదా, అసలు ప్రమాదకరమైన టెయిలే (అతి ఎక్కువ బరువులుండే కొస) లెక్కలోంచి జారిపోతుందని నా భయం.

ఇంకోటి. యూరోకోడ్ (యూరప్ కట్టడాల డిజైన్ నియమావళి) మామూలు తరగతి కొత్త కట్టడాలకి 50 ఏళ్ల కాలానికి బీటా 3.8 అడుగుతుంది. ఇంకో 10 ఏళ్లు వాడాలనుకునే పాత వంతెనకి ఎంత పెట్టుకోవాలి? ఇలాంటి లెక్క స్వయంగా చేసినవాళ్లు దయచేసి చెప్పండి.