అప్‌డేట్: గాజు తలుపును పొడిచే ఫెజెంట్ సంగతి తేలింది

ఇంగ్లండ్‌లో మా పెరట్లోకి వచ్చే అడవి ఫెజెంట్ (పొడవు తోక ఉండే కోడి జాతి పక్షి) పుంజు గాజు తలుపును ముక్కుతో పొడుస్తోందని, జబ్బేమోనని టెన్షన్ పడుతూ అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

జబ్బేం కాదు. వసంతంలో పుంజులు తమ హద్దు కాచుకుంటాయి. గాజులో కనిపించే తన బొమ్మే దానికి పోటీ పుంజు. లోపల కర్టెన్ వేసినా ఆగలేదు. బయటివైపు కింది సగానికి సబ్బు పూయమన్న సలహాతోనే ఆగింది. వాన పడితే మళ్లీ పూయాలి, అంతే.

ఎవరిదో పెంపుడు పక్షేమో అన్న అనుమానమూ అనవసరం. ఇక్కడ వేట కోసం వీటిని ఏటా కోట్లలో వదులుతారు; సీజన్ అక్టోబర్ 1 నుంచి ఫిబ్రవరి 1 వరకు. ఎక్కువగా అందులో బతికి బయటపడ్డవే ఇలా తిరుగుతుంటాయి.

ఇప్పుడు ఫీడర్ కింద రాలిన గింజలు కాళ్లతో గీరి తింటోంది. ఎండ పడితే వీపు రాగి చెంబులా మెరుస్తుంది. వీడియో కాల్‌లో చూసి మా అమ్మ, "కోడికి ఇంత తోకేంట్రా!" అంది.