అటక మీద దొరికిన ఇత్తడి బుంగ బీరు ఫ్యాక్టరీదేనా?

కట్టమంచి కుర్రోడు:
అన్నలకు నమస్కారం. మాది చిత్తూరు. పాత మిద్దె కొట్టేసి కొత్తది కడతా ఉండాం. అటక మీద మూడు సామాన్లు దొరికినాయి. ఒకటి చెక్కపెట్టె. లోపల నిమ్మకాయంత ఇత్తడి బుంగ, దాని పైన బద్దలాంటి పుల్ల, పుల్ల మీద 0 నుంచి 10 దాకా గీతలు. కింద ఇంకో పొట్టి పుల్ల, దాని కొసన చిన్న గుండు. పక్క గుంటల్లో చీలిక ఉండే ఇత్తడి బిళ్లలు, 10, 20, 30 అని అంకెలు. ఒక థర్మామీటరు కూడా. రెండోది గోధుమరంగు బీరు సీసా. మూడోది పెద్ద ఇనప పెనం, ఇద్దరు పట్టినా లేవదు.

మా ముత్తాత అబ్కారీలో పని చేసినాడంట. ఇదంతా పాత బీరు ఫ్యాక్టరీ సామానని మా చిన్నాయన ఒకటే పట్టు. పాత సామాన్లాయన మూడూ కలిపి తూకానికి అడగతా ఉండాడు. ఇచ్చేద్దునా? చింతపండుతో తోమితే రేటేమన్నా పెరుగుతుందా?

పాతసీసాల పిచ్చోడు:
తోమొద్దు తమ్ముడూ! నేను ఒకసారి ఇట్లాంటి ఇత్తడి కొలత సామానే చింతపండు, ఇటుకపొడి వేసి మా ఇంటి చెంబులాగా తళతళలాడించినా. మెరుపైతే వచ్చింది, సన్న గీతలు మాత్రం పోయినాయి. కొలత పరికరానికి గీతలే ప్రాణం. మెత్తని పొడిగుడ్డతో దుమ్ము తుడిచి వదిలెయ్.

సీసా సంగతి చెప్తా. పక్కన అచ్చు అతుకు గీత ఉంటుంది, గోరు పెట్టి మెడ మీదుగా పైకి పోనీ. గీత మూతి అంచు దాకా పోతే మిషన్ సీసా. మూతి కింద ఆగిపోతే మూతిని మనిషి చేత్తో అతికించినట్టు, అది ఇంకా పాతది. సీసా మొత్తం తనే ఊదే మిషన్ను అమెరికాలో మైకేల్ ఓవెన్స్ 1903లో తెచ్చినాడు. మూతి చుట్టూ రేకు మూత పట్టే గట్టు ఉందా చూడు. ఆ పళ్ల మూత విలియం పెయింటర్ 1892లో పేటెంట్ చేసింది. మొదట్లో 24 పళ్లు, ఇప్పుడు 21. మెడలో నొక్కు ఉండి గోళీ ఆడతా ఉంటే మాత్రం బీరు కాదు, మన గోళీసోడానే. దాని పేటెంట్ 1872ది, హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషాయన పేరు మీద.

పెనం ఫోటో పెట్టు. నాకైతే అది బెల్లం పెనమే అనిపిస్తా ఉండాది. చిత్తూరు జిల్లాలో గానుగ లేని పల్లె ఉండేదా!

రిటైర్డ్ కెమిస్ట్రీ అయ్యవారు, తిరుపతి:
నాయనా, ఆ థర్మామీటరు జాగ్రత్త. లోపల పాదరసం ఉంటుంది, పిల్లల చేతికి ఇవ్వొద్దు.

నీ పెట్టెలోది సైక్స్ హైడ్రోమీటరు. బార్తొలోమ్యూ సైక్స్ అనే ఇంగ్లండు ఎక్సైజు ఉద్యోగి తయారుచేసింది. 1816 చట్టంతో అక్కడ ప్రభుత్వ కొలత అయ్యింది. వాడేది ఇలా: సారాయిని పొడుగు గాజు గొట్టంలో పోసి బుంగను వదలాలి. సారాయి నీళ్లకంటే తేలిక కాబట్టి, ఎంత గాటుంటే బుంగ అంత లోతుకు దిగుతుంది. నీళ్లు కలిసేకొద్దీ పైకి లేస్తుంది, అప్పుడు కింది పుల్లకు పెద్ద బిళ్ల తగిలించాలి. 60 బిళ్ల తగిలించినాక పుల్ల మీద 4 దగ్గర తేలితే లెక్క 64. థర్మామీటరు చూసి, ఆ రెండు అంకెలతో పట్టీ పుస్తకం తిప్పితే ప్రూఫ్, అంటే సారాయి గాటు లెక్క, ఎంతో తేలుతుంది. ఈ ప్రూఫ్ ఇంకా పోలేదు. మన దగ్గర విస్కీ లేబుల్ మీద 42.8 శాతం పక్కన 75 డిగ్రీల ప్రూఫ్ అని వేస్తారు చూడు, అది ఈ బుంగ కాలం లెక్కే. ఈ లెక్కలో 100 ప్రూఫ్ అంటే సుమారు 57 శాతం.

కాబట్టి ఇది బీరు ఫ్యాక్టరీది కాదు, సారాయి కొలిచిన అబ్కారీ వాళ్లది. మీ చిన్నాయన మరీ తప్పు చెప్పలేదులే, దీని దాయాది ఒకటి బీరు ఫ్యాక్టరీలో ఉంటుంది, పేరు శాకరోమీటరు. మనం రాగులు మొలకెత్తించి మాల్ట్ చేసుకోమా? అదే పని బార్లీతో చేసి, వేడినీళ్లలో నానబెట్టి తీపినీళ్లు తీస్తారు. అవి నీళ్లకంటే బరువు. నీళ్లు 1000 అయితే అవి 1050 చూపిస్తాయనుకో. ఈస్టు ఆ తీపిని తినేసినాక 1010కి దిగుతుంది. ఆ దిగుడే బీరులో మత్తు ఎంతో చెప్తుంది. 1784లో జాన్ రిచర్డ్‌సన్ దీని మీద పుస్తకం వేసేదాకా చాలామంది బీరు కాచేవాళ్లకు నాలుకే కొలత. 1880 నుంచి బ్రిటన్‌లో బీరు పన్ను కూడా ఈ అంకె మీదే వేసినారు. అంటే రెండు పరికరాలూ చివరికి పన్ను వసూలుకు పనికొచ్చినవే!

కొండమిట్ట అక్క:
అయ్యవారూ, అప్పట్లో మన పక్క బీరు ఫ్యాక్టరీలు ఉండేవా?

రిటైర్డ్ కెమిస్ట్రీ అయ్యవారు, తిరుపతి:
చల్లటి చోట్లే ఎక్కువమ్మా, నీలగిరి, బెంగళూరు అట్లా. ఎండకు ఈస్టు అదుపు తప్పుతుంది, యంత్రాలతో చల్లబరచడం 1870ల తర్వాతి మాట. దక్షిణాదిలో అట్లాంటి ఐదు చిన్న ఫ్యాక్టరీలను కలిపి థామస్ లీష్‌మన్ 1915లో యునైటెడ్ బ్రూవరీస్ పెట్టినాడు.

చిత్తూరు కథ వేరు. రాజాజీ మద్రాసు ప్రీమియర్‌గా 1937లో సేలంలో మద్యనిషేధం పెట్టి, మరుసటి ఏడే చిత్తూరు, కడపలకు తెచ్చినాడు. కొలవాల్సిన సారాయే లేకపోతే కొలబుంగకు అటక కాక ఇంకేముంటుంది?

నాయనా, బిళ్లల మీద, బుంగ మీద ఒకటే నంబరు కొట్టి ఉందేమో చూడు. ఉంటే జత చెదరని సెట్టు. తూకానికి మాత్రం ఇవ్వద్దు. వందేళ్లు దాటినదైతే దేశం దాటించడానికి 1972 నాటి పురావస్తువుల చట్టం ఒప్పుకోదు, అదీ గుర్తుపెట్టుకో.

కట్టమంచి కుర్రోడు:
చూసినా సార్. అన్నిటి మీదా ఒకటే నంబరు. సీసా గీత మూతి అంచు దాకా పోయింది, మిషన్‌దే. పెనం బెల్లానిదేనని మా నాయన ఒప్పుకున్నాడు, చిన్నాయన ఇంకా లేదు. బిళ్లల్లో 50 ఒకటి తక్కువొచ్చింది. ఇల్లంతా ఎతికితే మా అవ్వ బీగంచెవుల గుత్తికి దారం చుట్టి కట్టుండాది. అడిగితే పెళ్లైనప్పటి నుంచి అది తన దగ్గరే ఉండాదంట, ఇయ్యనంటా ఉండాది.